లంగరు దించాక

సముద్రయానాల గురించి రాసేవాళ్లు మైళ్లు లెక్కపెడతారు, ఎదురైన తుపానులు లెక్కపెడతారు, చుట్టివచ్చిన అగ్రాల పేర్లు వరసగా చెబుతారు. రేవులో గడిచిన రోజుల్ని మాత్రం ఖర్చు పద్దులో రాసి పక్కన పెడతారు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగి గోవా చేరిన ఐఎన్ఎస్‌వీ తారిణి విషయంలోనూ అదే జరిగింది. వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 55 అడుగుల తెరచాప పడవలో భూగోళాన్ని చుట్టివచ్చారు. వారిలో ఇద్దరు మన తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. 254 రోజుల యాత్ర, సుమారు 21,600 నాటికల్ మైళ్ల దూరం. ఆ రోజుల్లో దాదాపు రెండు నెలలు పడవ రేవుల్లోనే ఉంది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, చివర్లో అనుకోకుండా మారిషస్‌లో పోర్ట్ లూయీ. ఈ ఊళ్ల గురించి వార్తల్లో ఎక్కువగా కనిపించింది ‘చేరింది’, ‘బయల్దేరింది’ అన్న రెండు మాటలే. ఆ రెండు మాటల మధ్య జరిగిన పనికి యాత్రలో సగం గౌరవమైనా దక్కాలని నా వాదన. నడిసముద్రంలో మనిషి చేయగలిగింది అతుకు వేయడం. సముద్రం ఏం నేర్పిందో దాన్ని పడవలోకి ఎక్కించే వీలు రేవులోనే దొరుకుతుంది.

పడవను పాడుచేసేది తుపానేనని ఒడ్డున ఉన్నవాళ్లం అనుకుంటాం. తుపాను చేసిన నష్టం కంటికి కనబడుతుంది. చిరిగిన తెరచాప, వంగిన కమ్మీ, పగిలిన కిటికీ, వీటిని ఎవరూ మరిచిపోరు, రేవు చేరగానే ముందు వాటినే చూస్తారు. పడవ ఆయుష్షు తరిగిపోయేది మాత్రం ఎక్కువగా మంచి వాతావరణంలోనే, ఎవరూ దేన్నీ గమనించని రోజుల్లో. పడవ అయిదు సెకన్లకొకసారి ఊగుతుందనుకున్నా నెల తిరిగేసరికి అయిదు లక్షల ఊపులు దాటతాయి. ప్రతి ఊపుకీ తెరకొయ్యను నిలబెట్టే తీగల్లో ఒకవైపువి బిగుస్తాయి, అవతలివైపువి వదులవుతాయి. సాధారణంగా ఈ తీగ పంతొమ్మిది స్టెయిన్‌లెస్ స్టీల్ పోగులు కలిపి పేనినది. అది నడిమధ్యలో తెగడం అరుదు. కొసన లోహపు గొట్టంలోకి దూర్చి యంత్రంతో నొక్కిన చోట, ఆ గొట్టం పెదవి దగ్గరే తెగుతుంది. అక్కడ ఉప్పునీరు దిగి నిలుస్తుంది, గాలి ఆడదు. గాలి తగలకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్ తన మీది రక్షణ పొరను మళ్లీ కట్టుకోలేదు. పైకి తళతళలాడుతూనే లోపల పగులు పాకుతుంది.

దాన్ని పట్టుకునే పద్ధతి చాలా పాతది, చవకైనది. ఒక నూలుగుడ్డను తీగ చుట్టూ వదులుగా పట్టి, కింది కొస నుంచి పైకి మెల్లగా జరుపుతూ పోవాలి. ఒక్క పోగు తెగి వెంట్రుకవాసి పైకి లేచినా గుడ్డ అక్కడ తగులుకుని ఆగుతుంది. ఒట్టి చేత్తో చేస్తే అరచెయ్యి చీరుకుపోతుంది. తరువాత కొస గొట్టాన్ని శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, భూతద్దంతో చుట్టూ చూడాలి. తుప్పు రంగు సన్నగా కారిన గీత కనిపిస్తే అది మురికి అని తుడిచి వదిలేయకూడదు. పంతొమ్మిది పోగుల్లో ఒకటి పోతే పద్దెనిమిది మిగిలాయి కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లుంటారు. ఆ లెక్క తప్పు. తెగిన పోగు ఎన్ని మైళ్లు భారం మోసిందో తక్కిన పద్దెనిమిదీ అన్నే మైళ్లు మోశాయి. అవతలివైపు జంట తీగ కూడా మోసింది. మార్చాల్సివస్తే రెండూ కలిపే మార్చాలి. ఊగే పడవలో, ఇరవై అయిదు మీటర్ల ఎత్తున వేలాడుతూ ఎవరూ ఈ పరీక్ష నింపాదిగా చేయలేరు. నిలకడ నీళ్లలో, గాలి లేని ఉదయం పూట, కింద నమ్మకమైన మనిషి తాడు పట్టుకుని ఉన్నప్పుడు చేయగలుగుతారు.

తాళ్ల సంగతి మన పల్లెల్లో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బావి గిలక మీద చేంతాడు ఎప్పుడూ ఒకేచోట నలుగుతుంది, తక్కిన తాడంతా కొత్తగా ఉండగానే అక్కడ పుటుక్కుమంటుంది. తెరచాపను పైకెత్తి పట్టే తాడుకూ అదే గతి. వాణిజ్య పవనాల్లో పడవ వారాల తరబడి ఒకే దిక్కుకు, ఒకే గాలితో పోతుంది. తెరచాప ఒకసారి ఎత్తితే రోజుల పాటు దించరు. తెరకొయ్య శిఖరాన ఉన్న గిలక మీద ఆ తాడులో ఒక్క బెత్తెడు భాగమే మొత్తం ఒరిపిడిని భరిస్తుంది. పాత నావికులు ఇందుకు చేసే ఉపాయం ఒకటుంది. కొన్ని రోజులకొకసారి తాడును ఒక బెత్తెడు జరుపుతారు. రేవులో కొసను ఒక మూరెడు కోసి కొత్తగా ముడి వేస్తారు. అరిగే చోటు మారుతుంది, తాడు ఇంకొక మహాసముద్రం దాటుతుంది. మూరెడు తాడు పోతుందని లోభించినవాడు చివరికి తెరకొయ్య ఎక్కి తెగిన తాడును మళ్లీ దూర్చుకోవలసివస్తుంది. తెరచాప విషయంలో అరిగేది గుడ్డ కంటే ముందు దారం. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కుట్టు దారం బలం కోల్పోతుంది. గోటితో గీరితే కుట్టు పొడిగా రాలిపోయే తెరచాప దూరం నుంచి చూస్తే తెల్లగా, నిండుగా, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. ఆ కుట్టు మీద మళ్లీ ఒక వరస వేయడానికి తెరచాపలు కుట్టేవాళ్ల దగ్గర పట్టేది ఒక పూట. అదే కుట్టు దక్షిణ మహాసముద్రంలో విడిపోతే తడిసిన బరువైన గుడ్డను ఒళ్లో వేసుకుని, చేతిసూదితో, రోజుల తరబడి కుట్టుకోవాలి.

నీటి కింది భాగానికొస్తే వేరే రకం నష్టం. నెల రోజులు సముద్రంలో తిరిగిన పడవ వెనకభాగాన, నీటిగీత పొడవునా, మెత్తటి కాడలతో బార్నకిల్స్ గుత్తులుగా వేలాడుతుంటాయి. అవి పడవ వేగాన్ని తినేస్తాయి. పడవలోపల ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది కాబట్టి సముద్రపు నీళ్లు పడిన పరుపు ఎన్ని రోజులు ఎండబెట్టినా మంచినీళ్లతో ఉతికేదాకా చెమ్మగానే ఉంటుంది. డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఊపులకు పైకి లేచి వడపోతలను మూసేస్తుంది. ఇవి ఎవరూ గొప్పగా చెప్పుకోని పనులు. ఇంజన్ ఆగిపోయిన రోజున మాత్రం అందరికీ గుర్తొస్తాయి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడే చాలామంది నావికులు తొందరపడతారని నా నమ్మకం. దూరప్రయాణంలో నాలుగు గంటలు కాపలా, నాలుగు గంటలు పడక అన్నట్టుగా నడుస్తుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇరవై, ముప్ఫై నిమిషాల కునుకులతోనే నెలలు గడుపుతారు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని అందులో తేలింది. ఇరవై నాలుగు గంటలకు అది 0.10 శాతంతో సమానం. తీరం దగ్గరపడిన చివరి రాత్రి ఓడల రద్దీ మధ్య పడవలో ఎవరూ సరిగ్గా పడుకోరు. అలాంటి మనిషి లంగరు దించిన మధ్యాహ్నమే పనిముట్లు పట్టుకుని తెరకొయ్య ఎక్కడం ధైర్యం అనిపించుకోదు. అలాగని దిగగానే పడుకుంటే ఇంకొక నష్టం ఉంది. అర్ధరాత్రి కాపలాలో చుక్కాని దగ్గర వినబడిన కిర్రుమనే చప్పుడు, ఫలానా గాలిలో మాత్రమే కనిపించిన చెమ్మ, బలంగా తిప్పితే తప్ప కదలని గిలక, ఇవన్నీ రెండు రాత్రుల గాఢనిద్రకు మనసులోంచి చెరిగిపోతాయి. నిశ్చలమైన నీళ్లలో పడవ ఏ చప్పుడూ చేయదు. కాబట్టి వరస ఇలా ఉండాలి: తాళ్లు కట్టగానే, అందరూ ఒకచోట కూర్చుని, ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పి, జాబితా రాయాలి. ఆ తరువాత నిద్ర. పనిముట్లు ఆ తరువాతే. జాబితాలో చిన్నదని ఏదీ కొట్టేయకూడదు, ఎందుకంటే ఏది చిన్నదో తేల్చే స్థితిలో ఆ రోజు ఎవరూ ఉండరు.

శరీరం రేవుకు అలవాటుపడటానికి తనకంటూ కొంత వ్యవధి అడుగుతుంది. గట్టు మీద నిలబడితే నేల ఊగుతుంది, ఇరుకు పడవలో నడక లేక కాళ్లు బలహీనపడి ఉంటాయి, మణికట్ల దగ్గర ఉప్పు పుళ్లు ఉంటాయి. కడుపు కూడా ఒక్కసారిగా మారదు. ఒంటరిగా భూమిని చుట్టిన తొలి నావికుడు జాషువా స్లోకమ్ 1895 జూలైలో అజోర్స్ దీవుల్లోని ఫాయల్‌లో ఆగి, అక్కడివాళ్లు ప్రేమగా ఇచ్చిన పళ్లు, తెల్లటి జున్ను పడవలో వేసుకుని బయల్దేరాడు. ఆ రేగుపళ్లలాంటి ప్లమ్ పళ్లూ జున్నూ కలిపి తిని, విపరీతమైన కడుపునొప్పితో కింద పడి, స్పృహ తప్పి, కొలంబస్ కాలంనాటి నావికుడొకడు వచ్చి తన పడవ నడుపుతున్నాడని భ్రమించాడు. ఈ కథను అందరూ దెయ్యం కథలా చెబుతారు. నాకు మాత్రం అందులో కనిపించేది, మహాసముద్రం దాటి వచ్చిన శరీరానికి ఆతిథ్యం కూడా మెల్లగా ఇవ్వాలన్న సంగతి. తారిణి సిబ్బందిని ప్రతి రేవులోనూ అక్కడి భారతీయులు, బడిపిల్లలు కలుసుకున్నారు. ఆ కలయికలు యాత్ర ఉద్దేశంలో భాగమే. విశాఖ అమ్మాయి కేప్ హార్న్ చుట్టివచ్చిందని విన్న పిల్లలకు దక్కేది తక్కువేమీ కాదు. అయినా సన్మానాల సంఖ్య పెరిగే కొద్దీ నిద్ర, మరమ్మతు రెండూ కుదించుకుపోతాయి. నిర్వాహకులు మొదటి మూడు రోజులు ఎవరినీ రానివ్వకపోతే తప్పుపట్టకూడదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఎక్కడా ఆగకుండా భూమి చుట్టినవాళ్లు లేరా? రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి బయల్దేరి 312 రోజుల తరువాత 1969 ఏప్రిల్ 22న అక్కడికే చేరాడు. ఆయన పడవ సుహైలీ మన బొంబాయిలో టేకుతో కట్టినది. అట్లాంటిక్‌లోనే దాని అడుగున పలకల మధ్య సందు తెరుచుకుని నీళ్లు రావడం మొదలైంది. ఆయన నీళ్లలోకి దూకి, ఊపిరి బిగబట్టి, సందులో నూలు కుక్కి, పైన గుడ్డ, దానిపైన రాగి రేకు కొట్టాడు. అలాగే 2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో డెబ్బై మూడేళ్ల ఫ్రెంచి నావికుడు జాన్-లుక్ వాన్ డెన్ హీడ్ పడవ పసిఫిక్‌లో అల తాకిడికి బోర్లాపడినంత పనైంది, తెరకొయ్యను పట్టుకున్న తీగల బందు దెబ్బతింది. చిలీలోని వల్పరైజోలో ఆగి బాగుచేసుకుంటే ఆ పందెం నియమాల ప్రకారం అసలు పోటీ నుంచి వేరే తరగతికి దిగిపోవాలి. ఆయన నడిసముద్రంలోనే తెరకొయ్య ఎక్కి కట్టుకట్టుకుని, చివరికి గెలిచాడు. ఇంతకన్నా నౌకావిద్య ఏముంటుంది, రేవు ఎందుకు అని అడగవచ్చు.

ఈ ఇద్దరి ముందూ తలవంచుతాను. కానీ వాళ్ల కథలనే మొత్తంగా చదవాలి. నాక్స్-జాన్‌స్టన్ యాత్ర కూడా ఒక పందెమే. 1968లో జరిగిన ఆ పందెంలో బయల్దేరినవాళ్లు తొమ్మండుగురు, పూర్తిచేసింది ఆయన ఒక్కడే. 2018లో బయల్దేరిన పద్దెనిమిది మందిలో అయిదుగురే గమ్యం చేరారు. ఆ పందెంలోనే మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ తురీయ సెప్టెంబర్ 21న హిందూ మహాసముద్రంలో తెరకొయ్యలు కోల్పోయింది. వెన్నెముకకు దెబ్బతగిలిన ఆయన్ను మూడు రోజుల తరువాత ఫ్రెంచి నౌక ఒకటి రక్షించింది. ఆగకపోవడమే గొప్ప అనుకుంటే ఆ గొప్పకు ఎంత మూల్యమో ఈ అంకెల్లో ఉంది. వాన్ డెన్ హీడ్ కట్టుకట్టిన తెరకొయ్యను నమ్మి ఎప్పటి వేగంతో పోలేదు. మిగిలిన దారంతా పడవను సుతారంగా నడిపాడు, వెనకాల వస్తున్న మార్క్ స్లాట్స్ బాగా దగ్గరకొచ్చేశాడు. అంటే అతుకుతో పడవ బతికింది, మునుపటి బలం మాత్రం తిరిగి రాలేదు. పైగా ఆయన బయల్దేరకముందే, ఒడ్డున తీరిగ్గా ఆలోచించి, తన పడవ తెరకొయ్యను కొంత పొట్టి చేయించుకున్నాడు. ఎన్నో మహాసముద్రాలు దాటిన అనుభవాన్ని ఆయన రేవులోనే పడవలోకి ఎక్కించాడు. నన్నడిగితే ఆ రోజున పసిఫిక్‌లో తెరకొయ్య నిలబడటంలో ఆ నిర్ణయానికీ భాగం ఉంది.

స్లోకమ్ కూడా సరిగ్గా ఇదే చేశాడు, కాకపోతే దారి మధ్యలో. తన స్ప్రే పడవతో అట్లాంటిక్ దాటి బ్యూనస్ ఐరిస్ చేరాక, దక్షిణాన ఎలాంటి గాలులు ఎదురుకాబోతున్నాయో తలచుకుని, తెరకొయ్యను ఊడదీయించి ఏడు అడుగులు కోయించాడు. ముందుకు పొడుచుకువచ్చే కొయ్యను కూడా తగ్గించాడు. అట్లాంటిక్‌లో పడవను నడిపిన అనుభవం లేకపోతే ఎంత కోయాలో తెలిసేది కాదు. రేవు లేకపోతే తెలిసినా కోయగలిగేవాడు కాదు. మన నౌకాదళం కథ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 2009 ఆగస్టులో ముంబై నుంచి దిలీప్ దొండే ఐఎన్ఎస్‌వీ మాదేయిలో ఒంటరిగా బయల్దేరి, ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో ఆగుతూ 2010 మే నెలలో తిరిగివచ్చాడు. ఆయన తీర సహాయ బృందంలో పనిచేసిన అభిలాష్ టోమీయే 2012-13లో అదే పడవలో ఎక్కడా ఆగకుండా భూమి చుట్టాడు. ఆగకుండా వెళ్లినవాడి వెనక, ఆగుతూ వెళ్లినవాడు నాలుగు రేవుల్లో పడవ విప్పి నేర్చుకున్నదంతా ఉంది. ఏ బందు ముందుగా అలుస్తుంది, ఏ తాడు ఎన్నాళ్లు ఆగుతుంది, ఏ విడిభాగాలు రెండేసి ఉండాలి అన్నవి పుస్తకంలో రాసి ఉండవు. ఒక్కో పడవకూ వేరువేరుగా తెలుసుకోవాలి.

రెండో ఆక్షేపణ నావికుల్లోనే తరతరాలుగా ఉంది. రేవు ఓడనీ మనిషినీ కుళ్లబెడుతుంది అంటారు వాళ్లు. ఇందులో నిజం చాలానే ఉంది. గోరువెచ్చని నిలవనీళ్లలో పడవ అడుగున నాచు, గుల్లలు సముద్రంలోకన్నా త్వరగా పెరుగుతాయి. మెరీనాల్లో ఒడ్డు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు తీగల ద్వారా పొరుగు పడవలతో కలిసి ఏర్పడే విద్యుత్తు, రక్షణగా పెట్టిన జింక్ ముక్కను తినేసి, ఆ పైన ప్రొపెల్లర్ మీద పడుతుంది. మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు. వారం అనుకున్న మజిలీ ఏడాది దాటినవాళ్లు, బయల్దేరాలన్న ఊసే ఎత్తనివాళ్లు ప్రతి రేవులోనూ ఉంటారు. ఈ నిజాన్ని ఒప్పుకుంటూనే అంటాను: కుళ్లబెట్టేది రేవు కాదు, పడవను కట్టేసి మరిచిపోవడం. టాస్మానియాలో స్లోకమ్ స్ప్రేను పట్టాల మీద ఒడ్డుకు లాగించి, ఓడపురుగు పట్టిందేమోనని పలక పలకా చూసుకుని, ఏమీ లేకపోయినా అడుగంతా రాగి కలిపిన రంగు పూయించాడు. కేప్‌టౌన్‌లో ఇంచుమించు మూడు నెలలు పడవను డ్రై డాక్‌లో పెట్టి, తాను రైల్లో దేశమంతా తిరిగాడు. మూడు నెలలూ పడవ నీళ్లలో లేదు, పురుగుకు అందలేదు. ఆయన మనసూ పడవలోని చిన్న గదిలోంచి బయటికొచ్చింది. అది సోమరితనం కాదు, లెక్క తెలిసిన విశ్రాంతి.

అలాగని రేవులో ఉన్నంత మాత్రాన మరమ్మతు అయిపోయినట్టు కాదు. లిటిల్టన్ రేవుకు ఈ విషయంలో పాత జ్ఞాపకం ఒకటుంది. 1910 అక్టోబర్ చివర కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర ఓడ టెర్రా నోవా నీళ్లు కారుతూ అక్కడికి చేరింది. తెరచాపలూ ఆవిరి ఇంజనూ ఉన్న ఓడ. దాన్ని డ్రై డాక్‌లోకి ఎక్కించి, కారే చోటు వెతికి, చాలావరకు తగ్గించారు. దాదాపు నెల రోజులు అక్కడ ఉంది. ఆ పైన డెక్కు నిండా బొగ్గు బస్తాలు, గుర్రాలు, కుక్కలు, పెట్రోలు పెట్టెలు ఎక్కించుకుని దక్షిణానికి కదిలింది. డిసెంబర్ మొదటి రోజుల్లోనే పెనుగాలి పట్టుకుంది. నీళ్లు లోపలికి చేరుతుంటే పంపులు ఆగిపోయాయి. బొగ్గుపొడి నూనెతో కలిసి ఉండలు కట్టి పంపుల నోళ్లను మూసేసింది. ఆ నోళ్ల దగ్గరకు వెళ్లే మామూలు దారి ఆ గాలిలో తెరవడానికి వీల్లేదు. చివరికి ఇంజన్ గదిలోని ఇనుప గోడకు రంధ్రం చేసి, ఒక అధికారి అందులోంచి దూరి, నీళ్లలో మునిగి ఆ ఉండల్ని చేత్తో తీశాడు. ఈలోగా తక్కినవాళ్లు వరసగా నిచ్చెన మీద నిలబడి గంటల తరబడి బకెట్లతో నీళ్లు తోడారు. రెండు గుర్రాలు, ఒక కుక్క పోయాయి, బొగ్గు చాలా పారేశారు, ఓడ దక్కింది. రేవులో అందరి చూపూ నీళ్లు వచ్చే చోటు మీదే పడింది, వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి మీద పడలేదు. పడవ అడుగున మురికినీళ్లు చేరే గుంటను శుభ్రం చేయడం అందరూ చివరికి వాయిదా వేసే పని. జాబితాలో దాన్నే మొదట రాయాలని నేను అనేది ఇందుకే.

తారిణి పోర్ట్ లూయీలో ఆగిన సంగతి ఈ వాదనలో నాకు అన్నింటికన్నా విలువైనది. కేప్‌టౌన్ నుంచి బయల్దేరితే ఇక చివరి మెట్టు, ఆ పైన ఇల్లే. 2018 ఏప్రిల్‌లో చుక్కాని తిప్పే యంత్రాంగంలో లోపం వచ్చింది. అంతకుముందే పసిఫిక్‌ను దాదాపు ఆరు వారాల పాటు ఒక్క గుక్కలో దాటి, కేప్ హార్న్ చుట్టి వచ్చినవాళ్లు వాళ్లు. ఎలాగో నెట్టుకురాగలమన్న ధీమా కలగడానికి కావలసినంత అనుభవం ఉంది. ఊళ్లో స్వాగతం ఎదురుచూస్తోంది. అయినా ప్రణాళికలో లేని రేవుకు మళ్లారు. చుక్కాని చక్రం నుంచి వెనక ఉన్న చుక్కాని దాకా బలాన్ని తీసుకెళ్లే భాగాల్లో ప్రతి అల తాకిడీ తిరిగి చేతికొస్తుంది. ఒక భాగంలో కాస్త వదులు పుడితే ప్రతి తాకిడికీ ఆ వదులు పెరుగుతూనే పోతుంది, దానంతటది ఆగదు. అక్కడ అతుకు వేసి వెళ్లడం సాధ్యమే. బాగుచేసుకుని వెళ్లడం వేరు. ఇంటి దారిలో, అందరూ చూస్తుండగా, ఆగుదామని చెప్పడం కేప్ హార్న్ దాటడం కన్నా తేలికని నేను అనుకోను.

చివరి ఆక్షేపణ డబ్బుది, సమయానిది. పడవను పైకెత్తే యంత్రం అద్దె, మెరీనా రుసుము, విదేశంలో విడిభాగాల మీద సుంకం, వీసా గడువు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ పాత దారి ఒకటి ఇంకా తెరిచే ఉంది. పోటు, పాటుల తేడా బాగా ఉన్నచోట పోటు మీద పడవను గట్టు పక్కకు తెచ్చి కట్టేస్తే, పాటు వచ్చేసరికి అడుగు బయటపడుతుంది. మళ్లీ నీళ్లు వచ్చేలోగా గీకి, రంగు వేసి, జింక్ ముక్కలు మార్చుకోవచ్చు. సమయమైతే ప్రకృతే ఇస్తుంది. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం కాబట్టి ఫిజీ, టోంగాల చుట్టూ తిరిగే పడవలు న్యూజిలాండ్‌లోని ఓపువా, వాంగరే లాంటి రేవులకు దిగివస్తాయి. అక్కడ ఆ నెలలన్నీ మరమ్మతు కాలమే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టడం కోసం పెట్టింది. ఆ రెండు నెలల్లోనే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డెక్కుతాయి, పలకలు మారతాయి, ఇంజన్లు విప్పుతారు, వలలు అల్లుతారు. చేతిలో డబ్బు ఆడక సరంగులూ కళాసీలూ పడే కష్టం చిన్నది కాదు. ఆ కష్టం మధ్యనే వచ్చే పది నెలల భద్రత తయారవుతుంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టడానికే కాక బాగుచేయడానికీ పేరున్న రేవు. 1789, 1839 ఉప్పెనలు, పేరుకున్న మేట దాన్ని చరిత్రలోకి నెట్టేశాయి. మన సముద్ర చరిత్రను వర్తకంతో, సరుకులతో మాత్రమే రాస్తే ఆ రేవులో పడవల అడుగుల్లో నూలు కుక్కిన చేతులకు చోటు దొరకదు.

బయల్దేరే తేదీ గురించి ఒక్క మాట. తేదీని ముందే ప్రకటించి, దానికి సరిపడేలా జాబితాను కుదించడం చాలా యాత్రల్లో జరిగే పని. జాబితా పూర్తయ్యాక, సామాను, నీళ్లు, ఇంధనం అన్నీ ఎక్కించి, ఒక పూట గట్టి గాలిలో రేవు దాటి వెళ్లి, తెరచాపలన్నీ ఎత్తి దించి, చుక్కానిని రెండు కొసలకూ తిప్పి, పంపులు నడిపి వెనక్కి రావాలి. కొత్తగా బిగించిన తీగ మొదటి బరువుకు కాస్త సాగుతుంది, దాన్ని మళ్లీ బిగించాలి. కొత్త బందు ఏదైనా జారితే అప్పుడే జారుతుంది. ఆ సాయంత్రానికి పడవ మళ్లీ కమ్మరి, కుట్టుపనివాడు, విడిభాగాల దుకాణం ఉన్న గట్టుకే చేరుతుంది కాబట్టి, ఆ పూట బయటపడిన లోపమేదైనా మర్నాడు పొద్దున్నే సరిచేసుకోవచ్చు.